రెండు ఉత్తర దిక్కులున్న కాలేజీ

మా కాలేజీలో ఉత్తర దిక్కులు రెండు. కరెంటు ఉన్నప్పుడు ఒకటి, పోయినప్పుడు ఇంకొకటి. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, సర్క్యులర్ నంబరుతో సహా చూపించగలను.

నా పేరు సన్యాసిరావు. కోరాడమెట్ట డిగ్రీ కాలేజీలో ఇరవయ్యారేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. విద్యుదయస్కాంతత్వం పాఠాన్ని ఏటా ఒకే కథతో మొదలుపెడతాను. రెండు వందల ఏళ్ళ కిందట డెన్మార్క్‌లో ఆయిర్‌స్టెడ్ అనే ప్రొఫెసరు కరెంటు పారుతున్న తీగ పక్కన దిక్సూచి పెడితే, సూది పక్కకు తిరిగింది. అప్పటిదాకా కరెంటు వేరు, అయస్కాంతం వేరు అనుకునేవారు. ఆయన కొన్ని నెలలు ఆ సూదినే పట్టుకుని కూర్చుని, తీగ చుట్టూ ఏదో ఉందని తేల్చి అచ్చు వేయించాడు. ఆ వెనక ఒకాయన తీగకూ తీగకూ మధ్య లాగుడు కొలిచాడు. మరొకాయన అయస్కాంతాన్ని కదిపి కరెంటు పుట్టించాడు. ఇంకొకాయన అదంతా సమీకరణాల్లో పెట్టాడు. మీ నెత్తిమీద ఫ్యాను తిరుగుతోందంటే ఆనాడు ఆ సూది తిరగబట్టేనని చెప్పి పాఠం ముగిస్తాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగిపోవడం మా ఊళ్ళో మామూలు.

సూది మా కాలేజీలోనూ తిరిగింది. కాకపోతే ఆయిర్‌స్టెడ్ గారికి ప్రిన్సిపాల్ ఉన్నట్టు లేదు.

సంగతి ఎక్కడ మొదలైందంటే, నాణ్యత పరిశీలన బృందం ఒకటి వచ్చి మూడు రోజులు మా జీడిపప్పు తిని, వెళ్ళాక అట్టడుగు గ్రేడు పంపింది. మా ప్రిన్సిపాల్ డాక్టర్ చామర్తి విశ్వేశ్వరం గారు ఆ కాగితం పట్టుకుని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు స్టాఫ్ మీటింగ్ పెట్టారు. లైబ్రరీకి పదేళ్ళుగా కొత్త పుస్తకం రాలేదనీ, ఆరు పోస్టులు ఖాళీ అనీ మాలో ఒకరిద్దరు గొణిగారు. అవన్నీ లక్షణాలేననీ, జబ్బు మూలం వేరే ఉందనీ ప్రిన్సిపాల్ గారు సెలవిచ్చారు. ఆ మూలం కనుక్కోవడానికి వాస్తురత్న కిళ్ళంపల్లి భానోజీరావు గారిని పిలిపించారు.

భానోజీరావు గారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లతో దిగారు. తన దిక్సూచి కారులో మరిచిపోయి వచ్చానంటే మా ల్యాబులోది నేనే తెచ్చి చేతికిచ్చాను. ఈ కథలో నా మొదటి తప్పు అదే. సంస్థకు దిక్కు తీయాలంటే దాని యజమాని కూర్చునే చోటనే తీయాలని చెప్పి, ఆయన దాన్ని ప్రిన్సిపాల్ గారి బల్ల మధ్యలో పెట్టారు. సూది కాసేపు ఊగి, అందరం ఉత్తరం అనుకుంటున్న చోటికి తూర్పుగా బాగా జరిగి నిలబడింది. భానోజీరావు గారు కళ్ళు మూసుకున్నారు. ఈ భవనం కట్టిన నాటి నుంచీ ఎవరికీ ఉత్తరం ఎటో తెలియదని ప్రకటించారు.

నాకు మాత్రం ఆ బల్ల సంగతి తెలుసు. ఆఫీసు మొత్తానికి కరెంటిచ్చే పెద్ద ఇన్వర్టరు ప్రిన్సిపాల్ గదిలోనే ఓ మూల ఉంటుంది. బ్యాటరీల వాసన పడదని వాటిని గోడకు అవతల వరండాలో పెట్టించారు. రెంటికీ మధ్య రెండు లావుపాటి తీగలు. ఎలక్ట్రీషియను ఎర్ర తీగను దగ్గర దారని బల్ల పలక కిందుగా లాగాడు, నల్ల తీగకు అక్కడ చోటు చాలక గోడ చుట్టూ తిప్పాడు. కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీలు నిండుతుంటాయి గనక ఎర్ర తీగలో కరెంటు అటు పోతుంది. కోత పడితే అదే తీగలో ఎదురు వస్తుంది. మా ఊళ్ళో కోతల పుణ్యమా అని ఆ బ్యాటరీలు ఎన్నడూ పూర్తిగా నిండి ఎరగవు. అంటే ఆ బల్ల మీద ఆయిర్‌స్టెడ్ ప్రయోగం రోజంతా జరుగుతూనే ఉంది, చూసేవాడు లేక.

ఇదంతా అప్పుడే చెప్పి ఉండాల్సింది. సాయంత్రం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, బల్ల కింద తీగ ఉందండీ అని మొదలుపెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, ఆ తీగ గురించి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. బల్ల గానీ తీగ గానీ నిబంధనలకు విరుద్ధంగా ఉందా అని అడిగారు. అదీ లేదన్నాను. అయితే వచ్చిన పనేమిటన్నారు. నా పదోన్నతి ఫైలు ఆ బల్ల మీదే ఉంది. ఊరికే పలకరించి పోదామని వచ్చానండీ అని చెప్పి బయటపడ్డాను.

వారం రోజుల్లో కాలేజీ కొత్త ఉత్తరానికి తిరిగింది. పిల్లలు తూర్పుముఖంగా కూర్చోవాలి గనక బెంచీలన్నీ ఐమూలగా తిప్పారు. నల్లబల్లలు గోడకు కట్టినవి, అవి తిరగవు. పిల్లలు మెడ పక్కకు వంచి చూడటం నేర్చుకున్నారు. నా ల్యాబు ఈశాన్యంలోకి వచ్చింది. ఈశాన్యం దేవుడి మూల, అక్కడ అగ్ని గానీ విద్యుత్తు గానీ పనికిరాదు. కాబట్టి కరెంటుతో చేసే ప్రయోగాలన్నీ నిలిపివేయడమైనదని ఒక కాగితం వచ్చింది. లోలకం ఊపుకోవచ్చన్నారు.

కొత్త ఏర్పాటు చూపించడానికి పాలకవర్గం పెద్దలను పిలిచారు. భానోజీరావు గారు దిక్సూచి మీద ఎర్రపట్టు తీసి, చూడండి అని చెయ్యి చాపారు. అంతలో కరెంటు పోయింది. సూది గిర్రున తిరిగి పడమటి వైపుకు పోయి నిలబడింది.

 ఇక అయిపోయిందనుకుని, మనసులో కొంచెం సంతోషించాను కూడా. భానోజీరావు గారు సూది వంకే తదేకంగా చూసి, చేతులు రెండూ జోడించారు. "ఇటువంటి స్థలం నా సర్వీసులో చూడలేదు. ఇక్కడ ఉత్తరానికి ప్రాణం ఉంది" అన్నారు. పెద్దల్లో ఒకాయన చెప్పులు విడిచారు. మళ్ళీ కరెంటు వచ్చి సూది వెనక్కి తిరిగేసరికి మిగిలినవాళ్ళూ విడిచారు.

మర్నాడే సర్క్యులర్. "ఈ కళాశాలకు విద్యుత్కాల ఉత్తరము, కోతకాల ఉత్తరము అని రెండు ఉత్తరములు గుర్తించడమైనది. సిబ్బంది, విద్యార్థులు ఆయా కాలములందు ఆయా ఉత్తరములను పాటించవలెను. అలసత్వము తీవ్రముగా పరిగణింపబడును." కరెంటు పోతే రెండు గంటలు, వస్తే ఒక గంట కొట్టే ఏర్పాటు చేశారు. గంట వినపడగానే పాఠం ఎక్కడుంటే అక్కడ ఆపి, పిల్లలు బెంచీలు ఎత్తుకుని పావుచుట్టు తిరగాలి. ఉదయం పూట నాలుగైదుసార్లు తిరిగేవారు. చరిత్ర మాస్టారు ఒకే యుద్ధాన్ని మూడు వారాలు చెప్పారు. ఎటువాళ్ళు గెలిచారో రాయమంటే పిల్లలు కోతకు ముందా, తర్వాతా అని అడిగారు.

మరుగుదొడ్లు కోతకాలంలో ఈశాన్యంలోకి పోతాయని తేలింది. ఈశాన్యంలో అంతకు మించిన అపచారం లేదు. కరెంటు పోగానే వాటికి తాళం వేసేవారు. పాపం ఆడపిల్లలు మూడు గంటల కోత రోజున పడిన అవస్థ నేను రాయలేను. రాసినా ప్రిన్సిపాల్ గారు ఆ పుట చింపేస్తారు.

నా ల్యాబుకు మాత్రం కోతకాలం కలిసివచ్చింది. కోతకాలపు లెక్కలో అది ఆగ్నేయం. ఆగ్నేయం అగ్నిదేవుడి మూల గనక అక్కడ విద్యుత్తు శుభం. అందుచేత నిషేధాన్ని సవరిస్తూ ఇంకో కాగితం వచ్చింది. కరెంటు ప్రయోగాలు ఇకమీదట కరెంటు లేని సమయాల్లో మాత్రమే జరపవలెను. నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం చేశాను.

అడ్డుపడినవాళ్ళు అసలే లేరని కాదు. మా బోటనీ మేడం స్టాఫ్ మీటింగులో లేచి, పొద్దున సూర్యుడు కోతకాలపు తూర్పునా రావడం లేదు, విద్యుత్కాలపు తూర్పునా రావడం లేదు, రెంటికీ మధ్యలో వస్తున్నాడని చెప్పింది. ఆ మాటకు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు. సూర్యుడు ఆరు నెలలు అటు, ఆరు నెలలు ఇటు జరిగే మనిషనీ, ఆయన్ని నమ్ముకుని దిక్కులు పెట్టుకోలేమనీ భానోజీరావు గారు చెప్పారు. ప్రిన్సిపాల్ గారు ఇంకా స్పష్టంగా చెప్పారు. "సూర్యుడు మన స్టాక్ రిజిస్టరులో లేడమ్మా. దిక్సూచి ఉంది." మేడం కూర్చుంది.

పిల్లలు ఊరుకోలేదు. సెల్ ఫోన్లలో దిక్సూచి పెట్టి మైదానంలో ఒక ఉత్తరం, ఆఫీసులో మరొక ఉత్తరం వస్తున్నాయని ఫోటోలు తీసి తిప్పారు. దాన్ని అణచడానికి అన్నిటికన్నా పెద్ద సర్క్యులర్ వచ్చింది. "కళాశాల దిక్సూచి ఎటు చూపిన అదే ఉత్తరము. కావున కళాశాలకు చెందిన ఏ సూదియు ఏ పరిస్థితియందును ఉత్తరము నుండి తొలగుట అను ప్రశ్న ఉత్పన్నము కాదు." మిగతావాళ్ళు దీన్ని చదివి పక్కన పడేశారు. నేను మాత్రం కూర్చుని లెక్క చూసుకున్నాను. సూది ఎటు తిరిగితే ఉత్తరం అటే తిరుగుతుందంటే, సూది ఎప్పుడూ తిరగనట్టే. తీగలో కరెంటు ఉన్నా లేకపోయినా తేడా సున్నా. ఆయిర్‌స్టెడ్ కనిపెట్టింది మా కాలేజీలో రద్దయిపోయింది. అది పోతే దాని వెనక వచ్చినవాళ్ళంతా పోయినట్టే. మా పాలకవర్గం ఒక సర్క్యులర్‌తో మోటారునీ, జనరేటరునీ, రేడియోనీ కొట్టేసిందని వాళ్ళకే తెలియదు. ప్రాక్టికల్ రికార్డులో ఆ ప్రయోగం పుటలో, సూది తిరిగిన కోణం అన్న గడి కింద, ముందే సున్నాలు అచ్చు వేసి పంపించారు.

నీలవేణి గురించి ఇప్పుడు చెప్పాలి. రొంగలి నీలవేణి మూడేళ్ళ డిగ్రీలో అన్నీ పాసైంది, ఒక్క భౌతికశాస్త్రం ప్రాక్టికల్ తప్ప. ఆ పరీక్ష నాడు టైఫాయిడుతో ఆసుపత్రిలో ఉంది. వచ్చే ఏడు నుంచి సిలబస్ మారుతోంది గనక జూన్‌లో జరిగే సప్లిమెంటరీ ఆమెకు చివరి అవకాశం. అది తప్పితే మూడేళ్ళ చదువూ గాలికి పోయినట్టే. పైగా విద్యుత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరుగా ఎంపికైంది. జూన్ నెలాఖరులోగా సర్టిఫికెట్లు తెచ్చి చూపించాలి, లేకపోతే తర్వాతి మనిషిని పిలుస్తారు. వాళ్ళమ్మ పొలం మోటార్లకు రాగితీగ చుట్టే షెడ్డు నడుపుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ షెడ్డులో పెరిగింది గనక కరెంటు సంగతి నీలవేణికి పుస్తకం తెరవకముందే తెలుసు. నా ఇరవయ్యారేళ్ళలో అంత చురుకైన విద్యార్థి తగల్లేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు ఆమెను పిలిచి, చీటీలో దిక్సూచి ప్రయోగం వస్తే ఏం చేయాలో చెప్పాను. తీగ బిగించు, కరెంటు ఇవ్వు, సూది వంక చూడు, సున్నా రాయి. ఆమె నా ముఖంలోకి చూసింది.

"సూది తిరుగుతాది గదా సార్. తిరిగింది తిరగనేదని ఎలగ రాస్తాను?"

అది చూడటం వేరు, రాయడం వేరని ఏదో చెప్పాను. ముందు డిగ్రీ చేతిలో పడనీ, ఆపైన నీ సబ్‌స్టేషన్‌లో నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకో అన్నాను.  ఆమె వెళ్ళేటప్పుడు నమస్కారం పెట్టింది. నాకు ఆ నమస్కారం తీసుకోబుద్ధి కాలేదు.

యూనివర్సిటీ నుంచి పరీక్షాధికారిగా డాక్టర్ జలుమూరు పద్మనాభం గారు వచ్చారు. ఆయన ఇరవై ఏళ్ళుగా పరీక్షలే చూస్తున్నారు. పాఠం చెప్పి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. పది గంటలకు మొదలు కావాల్సిన పరీక్ష, నిబంధన ప్రకారం కరెంటు పోయేదాకా ఆగి, పదకొండున్నరకు కోత గంట రెండుసార్లు మోగాక మొదలైంది. నీలవేణి చీటీ తీసింది. దిక్సూచి ప్రయోగమే వచ్చింది. 

ఆమె తీగను దక్షిణోత్తరాలుగా సాగదీసి, కింద దిక్సూచి పెట్టి, బ్యాటరీ సెల్లు తగిలించింది. సూది తిరిగింది. కరెంటు దిశ మార్చింది. సూది అటువైపుకు తిరిగింది. అచ్చు వేసిన సున్నాలను ఒక్కొక్కటే నీట్‌గా కొట్టేసి, పక్కన ముప్ఫై రెండు, ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు అని రాసుకుంటూ పోయింది. పద్మనాభం గారు ఆ కాగితం తీసుకుని, మా కాలేజీ ఇచ్చిన నమూనా జవాబుతో పోల్చి చూశారు.

సూది ఎన్ని డిగ్రీలు తొలగింది అని అడిగారు. ముప్ఫై రెండు అని చెప్పింది. దేని నుంచి తొలగింది అన్నారు. ఉత్తరం నుంచి అంది. ఈ కళాశాలలో ఉత్తరం అంటే ఏమిటో నిర్వచించమన్నారు. ఆమె సర్క్యులర్ ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. మరి సూది చూపేదే ఉత్తరమైతే, సూది ఉత్తరం నుంచి ఎలా తొలగుతుందని ఆయన గెలిచినవాడిలా వెనక్కి వాలారు. నీలవేణి సెల్లు తీసింది, పెట్టింది. సూది తిరిగి చూపించింది. "మీరే సూడండి సార్" అంది.

చూడటం తన విధుల్లో లేదనీ, జవాబు నమూనాతో సరిపోలిందా లేదా అన్నదే తన విధి అనీ ఆయన చెప్పారు. జవాబు పత్రం మీద ఎర్ర సిరాతో, కరెంటు వలన దిక్సూచి సూది కదలదు, విద్యార్థిని పరిశీలన తప్పు అని రాసి, యాభైకి సున్నా వేశారు. పక్కనే అంతర్గత పరీక్షకుడు అన్న చోట సంతకం పెట్టమని నా వైపు తోశారు.

నేను పెట్టాను. ఎదురుగా సూది ఇంకా పక్కకు తిరిగే ఉంది. నీలవేణి నా చేతి వంకే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా సంతకం ఎక్కడా వంకర పోలేదు, అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

భోజనాల తర్వాత పద్మనాభం గారూ, ప్రిన్సిపాల్ గారూ, భానోజీరావు గారూ ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను కింద కూర్చుని పనసతొనలు తింటున్నారు. వాళ్ళకు కాగితాలు అందించడానికి నేను ఉన్నాను. అప్పటికి కోత ఇంకా నడుస్తోంది. నీలవేణి తలుపు దగ్గర నిలబడి, ఒక్క నిమిషం అనుమతి ఇస్తే ఒకటి చూపించి పోతానంది. మార్కుల కోసం బతిమాలుకుంటుందనుకున్నారు కాబోలు, కానీ కానీ అన్నారు. ఆమె వరండాలోకి వెళ్ళింది. సంచిలోంచి వాళ్ళమ్మ షెడ్డులో వాడే స్పానరు తీసి, బ్యాటరీ మీద ఎర్ర తీగ బిగించిన నట్టు వదులు చేసింది.

ఫ్యాను ఆగిపోయింది. బల్ల మీద పట్టుగుడ్డపై ఉన్న దిక్సూచి సూది ఊగి, ఊగి, కోతకాలానికీ విద్యుత్కాలానికీ సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆమె తీగ మళ్ళీ ఆనించింది. సూది పడమటికి పోయింది. తీసింది, మధ్యకు వచ్చింది. కిటికీలోంచి ఆమె గొంతు నెమ్మదిగానే వినపడింది.

"మీ బల్ల కిందన తీగుంది సార్. అది తిప్పుతోంది. మరేటీ నేదు."

నలుగురం చూశాం. స్పష్టంగా, కళ్ళారా చూశాం. భానోజీరావు గారి చేతిలో తొన అలాగే ఉండిపోయింది. పద్మనాభం గారు అందరికన్నా ముందు తేరుకున్నారు. ఎవరి అనుమతితో ఉత్తరాన్ని కదిపావు అని అడిగారు.

అప్పటికప్పుడు మెమో తయారైంది. "సప్లిమెంటరీ విద్యార్థిని రొంగలి నీలవేణి విద్యుత్ తీగను తొలగించుట ద్వారా కళాశాల అధికారిక ఉత్తరమును పదే పదే స్థానభ్రంశము చేసి, సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినది. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." విచారణాధికారిగా పద్మనాభం గారే సంతకం చేశారు. ఎర్ర సిరా పెన్నే మళ్ళీ వాడారు.

 ఆ మూడు రోజులూ, ఏం రాయాలో చెప్పమని అడగడానికి ఆమె మా ఇంటికి వస్తుందేమోనని ఎదురుచూశాను, వస్తుందేమోనని భయపడ్డాను కూడా. రాలేదు. గడువు రోజున సరిగ్గా పదింటికి ఆఫీసులో కాగితం ఇచ్చి, రసీదు తీసుకుని వెళ్ళిందట.

విచారణ సంఘంలో మేం నలుగురమే. ఆమె సంజాయిషీని ప్రిన్సిపాల్ గారు పైకి చదివారు. "అయ్యా, కరెంటు వలన దిక్సూచి సూది కదలదని తమరే నా జవాబు పత్రం మీద రాసి సున్నా వేసియున్నారు. సన్యాసిరావు మాస్టారు గారు కూడా సంతకం పెట్టియున్నారు. కదలని దానిని నేను కరెంటు తీసి కదిపినానని మెమోలో ఉన్నది. రెండు కాగితాలూ ఒకే రోజున, ఒకే సంతకంతో వచ్చినవి. వీటిలో ఏది నిజమో తెలియజేస్తే దానికి తగినట్టు క్షమాపణ రాసుకుంటాను."

 కదిపింది కరెంటు కాదు, ఆ పిల్ల చేతిలో ఏదో శక్తి ఉండి ఉంటుందని భానోజీరావు గారు ఒక దారి చూపించబోయారు. శక్తికి ప్రొఫార్మాలో గడి లేదని పద్మనాభం గారు తోసేశారు. సున్నా నిలబెడితే మెమో వీగిపోతుంది. మెమో వీగిపోతే ఎవరు పడితే వాళ్ళు స్పానరు పట్టుకుని వచ్చి ఉత్తరాన్ని కదుపుతారు, రేపు దక్షిణాన్నీ వదలరు అని ప్రిన్సిపాల్ గారు వాపోయారు. సబ్జెక్టు తెలిసినవాడిగా నా అభిప్రాయం అడిగారు. కదులుతుంది సార్ అన్న మాట గొంతుదాకా వచ్చింది. విచారణాధికారి గారి నిర్ణయమే నా అభిప్రాయం అన్నాను.

పద్మనాభం గారు అలాంటి చిక్కుముళ్ళు ఎన్నో చూసిన మనిషి. సంస్థ గౌరవం నిలవాలంటే నేరం రుజువు కావాలి. నేరం రుజువు కావాలంటే కరెంటు వల్ల సూది కదులుతుందని ఒప్పుకోవాలి. అది ఒప్పుకుంటే ఆమె జవాబు సరైనది. అంతే కాదు, తెలియక చేసిందని రేపు తప్పించుకోకుండా ఉండాలంటే, విషయం పూర్తిగా తెలిసే చేసినట్టు రికార్డు ఉండాలి. కాబట్టి యాభైకి యాభై వేయక తప్పదన్నారు. ఆ ముక్కకు ప్రిన్సిపాల్ గారి ముఖం వికసించింది. సున్నాను రద్దు చేసి పూర్తి మార్కులు వేశారు. దాని కిందనే శిక్ష రాశారు. ఆమె ఇకమీదట ఎన్నడూ కళాశాల ఆవరణలో అడుగు పెట్టరాదు.

దానితో ఇంకో చిక్కు వచ్చింది. అడుగు పెట్టకూడని మనిషి సర్టిఫికెట్ల కోసం మళ్ళీ రాకూడదు. మామూలుగా పదకొండు విభాగాల్లో బాకీ లేదన్న సంతకాలు తీసుకుని, మూడు వారాలు తిరిగితే గానీ మా ఆఫీసులో టీసీ పుట్టదు. నీలవేణికి మాత్రం ఆ మధ్యాహ్నమే, ఆఫీసు మొత్తం పనులు మానుకుని, మార్కుల జాబితా, ప్రొవిజనల్, టీసీ అన్నీ తయారు చేశారు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. కబురందుకుని నీలవేణి వచ్చి గేటు బయటే నిలబడింది, పక్కన వాళ్ళమ్మ ఆటోలో కూర్చుని ఉంది.

టీసీలో నడవడి అనే గడి ఉంటుంది. అందరికీ తృప్తికరం అని రాస్తాం. ఈమెకు అలా రాస్తే శిక్షకు విలువ ఉండదని పద్మనాభం గారు పట్టుబట్టారు. చేతిరాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టి ఆయనే చెప్పారు, నేను రాశాను. "ఈమె తీగలోని విద్యుత్తును ఆపియు, పంపియు దిక్సూచి సూదిని కదిలించినది. ఇది మా సమక్షమున జరిగినది." కింద తేదీ వేసి, శాఖాధిపతి అన్న చోట సంతకం పెట్టాను.

టీసీ గేటు దగ్గర నేనే ఇచ్చాను. నీలవేణి ఆ గడి చదువుకుంది. సబ్‌స్టేషన్‌లో ఇంజినీర్లు దీన్ని చదివి ఏమనుకుంటారోనని నేను ఏదో సర్దిచెప్పబోయాను.

"ఏటి తప్పు సార్. ఉన్నదే రాసినారు" అని, కాగితం మడత నలగకుండా ఫైల్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఉన్నదే రాశాను. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో భౌతికశాస్త్రం గురించి నేను సంతకం పెట్టిన నిజమైన వాక్యాలు ఆ రెండే. అవి కూడా ఒకరు శిక్ష వేస్తూ చెబితే రాసినవి.